ఇరుకులో పడ్డప్పుడు ఏ సిస్టం ఎలా ఉంటుంది: విండోస్, లినక్స్, మ్యాక్, క్రోమ్ ఓఎస్

తొలేళ్ళకి ముందు వారం విజయనగరంలో ఫ్లెక్సీ షాపుల వాళ్ళకి నిద్ర ఉండదు. సోమవారం తొలేళ్ళు, మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. ఆలోపు ఊళ్ళోకి వచ్చే ప్రతి రోడ్డు మీదా ఎవరో ఒక నాయకుడు చేతులు జోడించి భక్తులకు స్వాగతం చెబుతూ నిలబడాలి. ఘంటస్తంభానికి దగ్గర్లో ఒక సందులో నాది డీటీపీ షాపు. ఖాళీ దొరికితే సిస్టం రిపేర్లు కూడా చేస్తాను. కొన్నేళ్ళ కిందట అలాంటి ఒక శనివారం రాత్రి పదకొండు గంటలకి నా సిస్టంలో ఇవన్నీ నడుస్తున్నాయి: ఫొటోషాప్‌లో పది ఇంటూ ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ, పేజ్‌మేకర్‌లో ఎవరిదో పెళ్ళి శుభలేఖ, వాట్సాప్ వెబ్‌లో ఇంకా వచ్చి పడుతున్న ఫొటోలు, బ్రౌజర్‌లో ఓ డజను ట్యాబ్‌లు, వెనకాల ప్రింటింగ్. సరిగ్గా అప్పుడే యాంటీవైరస్‌కి బుద్ధి పుట్టి స్కాన్ మొదలెట్టింది.

"ఆ మూలనున్న మా అన్న ఫొటో కొంచెం పెద్దది చెయ్యి బాబూ" అన్నాడు బల్ల అవతల కూర్చున్నాయన. చేశాను. సేవ్ కొట్టాను. తెర తెల్లబోయింది. పైన నాట్ రెస్పాండింగ్ అని పడింది. చక్రం తిరగడం మొదలైంది.

"ఏటి బాబూ, అలాగ తిరుగుతానే ఉంది?"

పావుగంట ఓపిక పట్టి రీస్టార్ట్ బటన్ నొక్కేశాను. రెండు గంటల పని గంగలో కలిసింది. ఆయన అన్న ఫొటో తెల్లవారుజామున నాలుగింటికి మళ్ళీ పెద్దదయింది.

మర్నాటి నుంచి సలహాలు. "విండోస్ పీకేసి లినక్స్ వెయ్యి, రాకెట్‌లా ఉంటుంది" అని ఒకరు. "మ్యాక్ కొను మావయ్యా, స్ట్రక్ అవ్వడమనేదే ఉండదు" అని హైదరాబాద్ నుంచి మా మేనల్లుడు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో నా బల్ల మీదా, రిపేరుకి వచ్చినవాళ్ళ సిస్టాల్లోనూ విండోస్, లినక్స్, మ్యాక్, క్రోమ్ ఓఎస్ అనే నాలుగు రకాల ఆపరేటింగ్ సిస్టంలూ (ఓఎస్‌లూ) వాడి చూశాను. నాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను. ర్యామ్‌లో, అంటే తెరిచిన పనులు కూర్చునే మెమరీలో, చోటు ఉన్నంతసేపు అన్నీ మంచివే. చోటు నిండిపోయి ఇరుకైనప్పుడు ఏది ఎవరిని ఆపుతుంది, ఎవరిని బయటికి గెంటుతుంది అన్న దగ్గరే వీటి మధ్య తేడా తెలుస్తుంది. నేను సిస్టం ఎంచేది ఆ గుణం చూసే.

ముందు ప్రాసెసర్ సంగతి తొందరగా తేల్చేద్దాం, ఎందుకంటే అక్కడ గొడవ ఎప్పుడో సద్దుమణిగింది. పెళ్ళిలో బంతి కూర్చుంటే సాంబారు బకెట్ పట్టుకున్న కుర్రాడు ఒక్కడే అయినా వరసగా ఒక్కో గరిటె వేసుకుంటూ పోతాడు. చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికొస్తాడు. చకచకా తిరిగితే అందరికీ తమ దగ్గరే వడ్డన జరుగుతున్నట్టుంటుంది. ప్రాసెసర్ కోర్ చేసేదీ ఇదే, సెకనుకి వందలసార్లు. నాలుగు కోర్లంటే నలుగురు కుర్రాళ్ళు.

పాత రోజుల్లో తంటా ఏమిటంటే, తినేవాడు "చాలు బాబూ" అనేదాకా వడ్డించేవాడు కదలడానికి లేదు. విండోస్ 3.1 లో ప్రోగ్రాములు అలాగే నడిచేవి. 2001 లో మ్యాక్ ఓఎస్ టెన్ వచ్చేదాకా యాపిల్ వాళ్ళదీ అదే దారి. ఒక్క ప్రోగ్రాం "చాలు" అనడం మరిచిపోతే బంతి మొత్తం ఆకుల ముందు చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. పెద్ద కంప్యూటర్ల కోసం పుట్టిన పాత ఓఎస్ యూనిక్స్‌లో మాత్రం మొదటి నుంచీ వడ్డించేవాడిదే పెత్తనం. ఒక గరిటె వేశాక, అడిగినా అడక్కపోయినా పక్క ఆకుకి పోతాడు. 1993 లో విండోస్ ఎన్‌టీ, 1995 లో 32 బిట్ ప్రోగ్రాముల వరకు విండోస్ 95 ఆ పద్ధతికి వచ్చాయి. 1991 లో పుట్టిన లినక్స్‌ది యూనిక్స్ దారే. కాబట్టి ఇవాళ "ఫలానాది ఒకేసారి రెండు పనులు చెయ్యలేదు" అని ఎవరన్నా అంటే పాతికేళ్ళ కిందటి మాట అంటున్నట్టు.

వడ్డనలో పక్షపాతాలు మాత్రం ఇంకా ఉన్నాయి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనంటారు కదా, విండోస్ సరిగ్గా అలాంటిదే. దానికి 0 నుంచి 31 వరకు 32 ప్రాధాన్యాల మెట్లున్నాయి. అది కాక, మీరు ప్రస్తుతం ఏ కిటికీ మీద క్లిక్ చేసి కూర్చున్నారో ఆ ప్రోగ్రాంకి మిగతావాటి కన్నా పొడవైన వంతు ఇస్తుంది. అందుకే వెనకాల ఏం జరుగుతున్నా ముందున్న వర్డ్‌లో అక్షరాలు ఆగకుండా పడతాయి. లినక్స్‌ది ధర్మకాటా. ఎవరికి ఎంత తక్కువ వడ్డించామో లెక్క రాసుకుని, వెనకబడ్డవాడి ఆకులో ముందు వేస్తుంది. 2007 లో ఇంగో మోల్నార్ ఈ పద్ధతి తెచ్చాడు. 2023 లో వచ్చిన 6.6 కెర్నల్‌లో (కెర్నల్ అంటే లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) దాని బదులు ఈఈవీడీఎఫ్ అనే కొత్త లెక్క పెట్టారు. ఇందులో ఎవరికెంత బాకీ అన్నదే కాక, ఎవరి గడువు దగ్గరపడిందో కూడా చూస్తుంది. లినక్స్‌లో ఒక రకమైన మింట్ 22 మొదట వచ్చిందే 6.8 కెర్నల్‌తో కాబట్టి అది వేసుకుంటే ఈ కొత్త లెక్కే మీకు వస్తుంది. 2020 చివర్నుంచి యాపిల్ సొంత చిప్‌లతో వస్తున్న ఎం సిరీస్ మ్యాక్‌లలో ఇంకో ఏర్పాటు ఉంది. బలమైన కోర్లు, పొదుపు కోర్లు వేరువేరుగా ఉంటాయి. బ్యాకప్, ఫైళ్ళ సూచిక తయారీ లాంటి వెనకాల పనుల్ని పొదుపు కోర్ల మీదికి తోసేసి, బలమైనవాటిని మీ చేతి కింద పనికి వదిలేస్తుంది. ఇంటెల్ 12 వ తరం నుంచి విండోస్ 11 లోనూ ఇలాంటి విభజన ఉంది.

ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ, నా దగ్గరకి "స్ట్రక్ అయిపోతోంది" అని వచ్చే పది సిస్టాల్లో ప్రాసెసర్ చాలక వచ్చేది ఎప్పుడో ఒకటి. మిగతావన్నీ ర్యామ్, డిస్క్ గొడవలే.

ఆ రాత్రి నా సిస్టంలో జరిగింది లెక్కేసి చూపిస్తాను. పది ఇంటూ ఎనిమిది అడుగులంటే 120 ఇంటూ 96 అంగుళాలు. అంగుళానికి 72 చుక్కలు పెట్టినా 8,640 ఇంటూ 6,912, అంటే దాదాపు 6 కోట్ల చుక్కలు. ప్రింటింగ్ రంగులు నాలుగు, కాబట్టి చుక్కకి నాలుగు బైట్లు. ఒక్క నిండు లేయర్‌కే (బొమ్మలో ఒక పొరకే) 240 ఎంబీ. అమ్మవారు ఒక లేయరు, వెనక కోట ఒకటి, అన్నగారు ఒకటి, తమ్ముళ్ళు, అనుచరులు, మళ్ళీ మనం వెనక్కి వెళ్ళడానికి దాచుకునే అన్‌డూలు. ఉన్నది 8 జీబీ ర్యామ్. అందులో విండోస్ తన వాటా ముందే తీసేసుకుంది. చోటు చాలక వాడని భాగాల్ని తీసుకెళ్ళి డిస్క్‌లోని పేజ్‌ఫైల్లో పెట్టడం, మళ్ళీ అవసరమై వెనక్కి తేవడం, దానికి చోటు కోసం ఇంకొకటి తీసుకెళ్ళడం. అంటే వంటవాడు ఉప్పు డబ్బా కోసం మాటిమాటికీ నెల్లిమర్ల వెళ్ళి వస్తున్నట్టు.

అప్పట్లో నాది హార్డ్‌డిస్క్. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పళ్ళెం మీద కావలసిన చోటు సూది కిందికి రావడానికే సగటున 4 మిల్లీసెకన్లు పడుతుంది. సూది అక్కడికి జరిగే సమయం కలిపితే పది పన్నెండు. అంటే ఇక్కడొకటి అక్కడొకటి వెతకాలంటే సెకనుకి సుమారు వందసార్లు. తిరిగే పళ్ళెం లేకుండా చిప్‌ల మీదే దాచుకునే మామూలు ఎస్‌ఎస్‌డీ అదే పని సెకనుకి పదివేలసార్లకి పైనే చేస్తుంది. ఆ మర్నాడు ఓఎస్ మార్చలేదు నేను, ఎస్‌ఎస్‌డీ వేయించాను. ర్యామ్ 16 చేశాను. అదే విండోస్, అదే ఫొటోషాప్, తర్వాతి ఏడాది సిరిమానుకి ఒక్కసారి కూడా రీస్టార్ట్ బటన్ మీదికి చెయ్యి పోలేదు.

అందుకే ఎవరైనా ఏ ఓఎస్ మంచిదని అడిగితే ముందు "మీది హార్డ్‌డిస్కా, ఎస్‌ఎస్‌డీనా?" అని అడుగుతాను. హార్డ్‌డిస్క్ అయితే ఈ పోలిక అంతా పక్కన పెట్టి ముందు అది మార్చుకోండి. ఒకసారి మా కస్టమర్ ఒకాయన వైజాగ్‌లో సెకండ్‌హ్యాండ్‌గా ఒక డెస్క్‌టాప్ కొనుక్కొచ్చాడు. ఐ7 అని చెప్పి ఇచ్చారు, నిజంగా ఐ7నే, కానీ లోపల 4 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్క్. కొత్త బుల్లెట్ బండికి సైకిల్ టైర్లు బిగించినట్టుంది.

ఇక ఇరుకులో పడ్డప్పుడు ఎవరి గుణం ఎలా ఉంటుందో చూద్దాం.

విండోస్ ఎవరినీ చంపదు, అందరినీ నెమ్మది చేస్తుంది. చోటు చాలకపోతే ముందు ర్యామ్‌లోనే వాడని భాగాల్ని కుదించి పెడుతుంది, తర్వాత పేజ్‌ఫైల్‌లోకి పంపుతుంది. పేజ్‌ఫైల్ కూడా పెరగడానికి వీల్లేని స్థితి వస్తేనే మెమరీ లేదని మెసేజ్ వేస్తుంది. ఈ గుణం వల్ల లాభం, తెరిచిన పని చాలాసేపు బతికే ఉంటుంది, ఓపిక పడితే సేవ్ చేసుకోవచ్చు. నష్టం, ఆ ఓపిక మనకుండదు. ఖాళీగా ఉన్నప్పుడే విండోస్ 11 మూడు జీబీ పైచిలుకు తినేసి కూర్చుంటుంది కాబట్టి 8 జీబీ సిస్టంలో మీకు మిగిలేది ఐదు. అందులోనూ లాప్‌టాప్‌తో పాటు వచ్చే చెత్త ప్రోగ్రాములు, స్టార్టప్‌లోనే లేచి కూర్చునే మీటింగ్ యాప్‌లు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ అన్న చోట అక్కర్లేనివన్నీ డిసేబుల్ చేస్తే సగం రోగం అక్కడే పోతుంది. నా దగ్గరికొచ్చే లాప్‌టాప్‌లకి మొదట చేసే వైద్యం ఇదే, దీనికి డబ్బులు తీసుకోను.

లినక్స్ ఖాళీగా ఉన్నప్పుడు పొదుపరి. మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం ఏమీ తెరవకపోతే ఒక జీబీ అటూఇటూలో సర్దుకుంటుంది. అంటే అదే 8 జీబీలో మీకు దాదాపు ఏడు మిగులుతుంది. బ్రౌజర్ మాత్రం ఎక్కడైనా బ్రౌజరే. క్రోమ్‌లో నలభై ట్యాబ్‌లు తెరిస్తే లినక్స్‌లోనూ అంతే తింటుంది. ఈ మాట లినక్స్ అభిమానులు పైకి చెప్పరు. ఇరుకైనప్పుడు లినక్స్ గుణం కొంచెం కటువు. మొదట మౌస్ కూడా కదలనంతగా బిగుసుకుపోతుంది, చివరికి కెర్నల్‌లోని ఓఓఎం కిల్లర్ లేచి, ఎక్కువ ర్యామ్ పట్టుకున్నవాడెవడో చూసి వాడిని అక్కడికక్కడే చంపేస్తుంది. ఎక్కువ పట్టుకున్నది సాధారణంగా మీరు పనిచేస్తున్న ప్రోగ్రామే అయి ఉంటుంది. సేవ్ చేస్తారా అని అడగదు. చంపేశాక సిస్టం మాత్రం ఏమీ జరగనట్టు హాయిగా నడుస్తుంది. సర్వర్‌కి ఇది మంచి గుణమే, శుభలేఖ చేసుకునేవాడికి కాదు. దీనికి మందులున్నాయి. వాడని భాగాల్ని ర్యామ్‌లోనే కుదించి పెట్టే జెడ్‌ర్యామ్ ఒకటి, ఫెడోరా అనే ఇంకో లినక్స్ రకం 2020 నుంచి దాన్ని వేసే ఇస్తోంది. బిగుసుకుపోయే స్థితి రాకముందే మేల్కొనే ఎర్లీఊమ్ అనే చిన్న ప్రోగ్రాం ఇంకొకటి. పాత సిస్టంలో మింట్ వేసినప్పుడల్లా ఈ రెండూ పెట్టే ఇస్తాను.

మ్యాక్ ఈ ఇరుకుని బయటికి కనపడనివ్వదు. 2013 నుంచే ర్యామ్‌లో కుదించి పెట్టడం మొదలుపెట్టింది. అదే ఏడాది నుంచి, కనపడకుండా వెనక పడి ఉన్న యాప్‌లని కునుకు తీయించే పద్ధతి కూడా ఉంది. ఎం సిరీస్ మ్యాక్‌లలో డిస్క్ చాలా వేగం కాబట్టి అటు పంపి ఇటు తెచ్చినా పెద్దగా తెలీదు. పూర్తిగా నిండితే రంగుల చక్రం తిరుగుతుంది, ఇంకా మితిమీరితే తెరిచిన యాప్‌ల జాబితా చూపించి ఏది మూసెయ్యమంటావని అడుగుతుంది. అడగడం మర్యాదే. యాక్టివిటీ మానిటర్‌లో మెమరీ ప్రెషర్ అన్న గీత ఆకుపచ్చగా ఉంటే నిశ్చింత, పసుపుపచ్చ వస్తే జాగ్రత్త, ఎరుపైతే ఏదో ఒకటి మూసెయ్యాలి. ఎంత ర్యామ్ వాడారన్న అంకె చూసి బెంగపడక్కర్లేదు, రంగు చూస్తే చాలు. ఇబ్బంది ఏమిటంటే, ఈ మ్యాక్‌లలో ర్యామ్ తర్వాత పెంచుకోలేం. కొన్నరోజు ఎంతో, పారేసే రోజూ అంతే. 2024 అక్టోబర్ నుంచి యాపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్‌లలో కనీసం 16 జీబీ ఇస్తోంది. అంతకు ముందువి 8 జీబీవి సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా కనపడతాయి. ఒకే పనికి సరే, పది పనులకైతే వదిలెయ్యండి.

దాదాపు అన్నీ బ్రౌజర్‌లోనే నడిపే గూగుల్ వాళ్ళ క్రోమ్ ఓఎస్ దారి వేరు. ఇది ట్యాబ్‌లని బలిస్తుంది. ఇరుకైతే మీరు ఎక్కువసేపు చూడని ట్యాబ్‌ని లోపల తీసేసి, పైన పేరు మాత్రం ఉంచుతుంది. మీరు మళ్ళీ దాని మీద నొక్కితే మొదటి నుంచి లోడ్ చేస్తుంది. సిస్టం ఎప్పుడూ చురుగ్గానే అనిపిస్తుంది, నెట్ బాగుంటే. నెట్ మందకొడిగా ఉన్న ఊళ్ళో ప్రతి ట్యాబూ మళ్ళీ లోడ్ అవడం ఒక శిక్ష. ఫోన్‌లో దరఖాస్తు నింపుతూ ఓటీపీ కోసం మెసేజ్‌లోకి వెళ్ళి తిరిగొచ్చేసరికి పేజీ మళ్ళీ మొదటికి వచ్చిన అనుభవం మీకుంటే, ఆ బాధ ఇదే కుటుంబానిది. ఆండ్రాయిడ్ కూడా చోటు కోసం వెనకాలవాళ్ళని ఇలాగే లేపేస్తుంది.

ఇరుకు సంగతి అదీ. ఎవరికి ఏది అంటే, ఇక్కడ నేను మొహమాటం లేకుండా చెబుతాను.

డీటీపీ, ఫ్లెక్సీ పనికి విండోసే. ఇక్కడ ఎంపిక అనేదే లేదు. అనూ స్క్రిప్ట్ అనే తెలుగు ఫాంట్ల ప్రోగ్రాం, పేజ్‌మేకర్ మీద బతుకుతున్న షాపు మనది. పాతికేళ్ళ శుభలేఖలు, కరపత్రాలు, ఓటరు స్లిప్పులు అన్నీ ఆ ఫాంట్లలోనే ఉన్నాయి. లినక్స్‌లోనో మ్యాక్‌లోనో ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి. (అనూలో టైపు చేసేవాళ్ళు "యాపిల్ కీబోర్డు" అంటే కంగారు పడకండి. అది అక్షరాల అమరిక పేరు, దానికి మ్యాక్ కొననక్కర్లేదు.) 16 జీబీ కనీసం, 32 అయితే సిరిమానుకి కూడా భయం లేదు. డబ్బులుంటే ప్రాసెసర్ మీద కాకుండా ర్యామ్ మీద, రెండో మానిటర్ మీద పెట్టండి.

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే మా బావమరిదికీ విండోసే చెప్పాను. వ్యాపార లెక్కలు రాసే ట్యాలీ విండోస్‌దే, డిజిటల్ సంతకం టోకెన్ల డ్రైవర్లూ అందులోనే సజావుగా పనిచేస్తాయి. కానీ అతనికి 16 జీబీ అక్కర్లేదు. ట్యాలీ తేలికైన ప్రోగ్రాం. దానితో పాటు ఎక్సెల్, జీఎస్టీ సైటు, బ్యాంకు సైటు. 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ ఉంటే హాయిగా సాగిపోతుంది. "అంత చిన్నదా బావా?" అన్నాడు, ఖరీదైనది చెబుతాననుకున్నాడు పాపం.

విండోస్ 10 తో ఉన్న పాత సిస్టాల సంగతి వేరు. వాటికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14 తో ఆగిపోయాయి. ఇళ్ళలో వాడుకునేవాళ్ళు పొడిగింపు తీసుకున్నా 2026 అక్టోబర్ 13 వరకే. విండోస్ 11 కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఇంటెల్ అయితే 8 వ తరమో ఆ పైనో ఉండాలి. ఆ లోపువాటిలో బలవంతంగా విండోస్ 11 ఎక్కించే చిట్కాలున్నాయి, నేను ఎక్కించను. ర్యామ్ తినే ఓఎస్‌ని తీసుకెళ్ళి ర్యామ్ లేని సిస్టంలో పెట్టడం దేనికి? నెల్లిమర్లలో ఉండే లెక్కల మాస్టారొకరు రిటైరయ్యాక జూమ్‌లో ట్యూషన్ చెబుతారు. ఆయన డెస్క్‌టాప్ 4 వ తరం ఐ3. అందులో ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్ 8 చేసి, మింట్ ఎక్కించాను. జూమ్, పక్కన పీడీఎఫ్, ఇంకో పక్క తెలుగులో యూనికోడ్ టైపింగు, మూడూ ఆగకుండా నడుస్తున్నాయి. "మాస్టారూ, ఏమైనా ఇబ్బందా?" అని అడిగితే, "స్టార్ట్ బటన్ రంగు మార్చావేం బాబూ?" అన్నారు. అంతకు మించి తేడా కనపడలేదాయనకి. ఆయన ప్రింటరు మాత్రం ఒక పూట నన్ను ఏడిపించింది. మింట్ వేసుకునేముందు మీ ప్రింటరు, స్కానరు, వేలిముద్రల మిషన్ పనిచేస్తాయో లేదో చూసుకోండి. మీసేవ లాంటి పనులు చేసే సెంటర్లకి నేను లినక్స్ చెప్పను, కారణం ఆ మిషన్లే.

ఇంజనీరింగ్ పిల్లలు రాజాం నుంచీ, ఎచ్చెర్ల వైపు నుంచీ వస్తుంటారు. వీళ్ళకి యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో, అందులో తెర మీదే ఫోన్‌లా నడిచే ఎమ్యులేటర్, బ్రౌజర్, యూట్యూబ్‌లో పాఠం, అన్నీ ఒకేసారి కావాలి. 16 జీబీకి తగ్గకండి. లినక్స్ నేర్చుకోవాలి, విండోసూ వదలకూడదు అనుకుంటే విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ 2 ఉంది. కాకపోతే అది ర్యామ్‌లో సగం వరకు తీసుకునేలా వస్తుంది. 8 జీబీ లాప్‌టాప్‌లో నాలుగు అటు పోతే విండోస్‌కి మిగిలిన నాలుగు ఏ మూలకి? అలాంటి లాప్‌టాప్ అయితే రెండూ పక్కపక్కన ఎక్కించి, బూట్ అయ్యేటప్పుడు ఒకటి ఎంచుకోవడమే మేలు.

బెంగళూరు, హైదరాబాద్ కంపెనీలకి ఇంటి నుంచి పనిచేస్తూ ఊరికొచ్చిన పిల్లలకి, డబ్బుకి వెనకాడకపోతే, 16 జీబీ మ్యాక్‌బుక్ ఎయిర్ మంచిది. ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు, కరెంటు పోయినా మీటింగ్ మధ్యలో తెగదు. రెండు సంగతులు చూసుకోవాలి. ఎం1, ఎం2 ఎయిర్‌లకి బయట మానిటర్ అధికారికంగా ఒక్కటే. ఎం3 కి రెండు పెట్టొచ్చు గానీ లాప్‌టాప్ మూత మూసి ఉండాలి. ఎం4 నుంచి మూత తెరిచి ఉన్నా రెండు. ఇంకొకటి, కిటికీల్ని తెరకి ఈ సగం ఆ సగం అతికించుకోవడం మ్యాక్‌కి 2024 లో సెకోయా అనే వెర్షన్‌తో గానీ సరిగ్గా రాలేదు. విండోస్‌లో విండోస్ కీ, బాణం గుర్తు నొక్కి మనం ఎప్పటి నుంచో చేస్తున్నదే అది. మనిషి పది పనుల మధ్య అటూఇటూ తిరగడంలో నా ఓటు ఇప్పటికీ విండోస్ 11 కే. విండోస్ కీతో జెడ్ నొక్కితే కిటికీలు సర్దుకునే గళ్ళు చూపిస్తుంది. ఎంత తిట్టుకున్నా ఈ ఒక్కదానికి దాన్ని మెచ్చుకోవాలి.

పాత లాప్‌టాప్‌లో 4 జీబీయే ఉండి, పెంచే వీలు లేక, బడి పిల్లలు నెట్ చూడటానికే అయితే క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ (మామూలు పాత కంప్యూటర్లలో వేసుకునే క్రోమ్ ఓఎస్) వేసి ఇవ్వండి. ఉచితమే. ఆండ్రాయిడ్ యాప్‌లు ఇందులో రావని ముందే చెప్పండి, లేకపోతే గేమ్ ఎక్కలేదని పిల్లలు మిమ్మల్నే పట్టుకుంటారు.

కొనేముందు చేసే పరీక్ష ఒకటుంది. సిస్టంలో ఏం నడుస్తుందో అమ్మేవాడు చూపించేది చూడకండి. మీరు రోజూ చేసే పనులే మీ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళండి. మీ పెద్ద ఫైలు తెరవండి, పాతిక ట్యాబ్‌లు తెరవండి, ఓ వీడియో పెట్టండి, రెండు జీబీల ఫైలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాపీ పెట్టండి. అవన్నీ నడుస్తుండగా వర్డ్‌లోనో నోట్‌ప్యాడ్‌లోనో గబగబా రెండు వాక్యాలు టైపు చేయండి. అక్షరం కీ వెంటే పడుతోందా, లేక మీరు ఆపాక గుంపుగా వచ్చి పడుతున్నాయా? తర్వాత ముందు తెరిచిన ట్యాబ్‌కి వెళ్ళండి. ఉన్నది ఉన్నట్టే ఉందా, మళ్ళీ లోడ్ అవుతోందా? విండోస్ అయితే టాస్క్ మేనేజర్‌లో మెమరీ శాతం చూడండి. ఈ పరీక్షలో 80 దాటుతుంటే రేపు మీ ఇంట్లో 95 దాటుతుంది. లినక్స్ చూడాలనుకుంటే కొననక్కర్లేదు, ఉన్న విండోస్ తీయనక్కర్లేదు. మింట్‌ని పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించి దాని నుంచే బూట్ చేసి ఒక ఆదివారమంతా వాడి చూడండి. పెన్‌డ్రైవ్ నెమ్మది కాబట్టి ప్రోగ్రాములు తెరుచుకోవడం ఆలస్యమవుతుంది, దాన్ని పట్టించుకోకండి. తెరుచుకున్నాక ఒకదాని నుంచి ఇంకోదానికి మారడం ఎలా ఉందో, మీ ప్రింటరు పలుకుతోందో లేదో అవి చూసుకోండి.